నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్: ఆగి చూసి తిప్పిన చెయ్యి

నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు తెలియని విద్యార్థి మన హాస్టల్లో ఉండడు. చంద్రుడి మీద మొట్టమొదట కాలు మోపిన మానవుడెవరు అన్న ప్రశ్న ఐదో తరగతి జనరల్ నాలెడ్జి పుస్తకం నుంచి గ్రూప్స్ పరీక్షల దాకా వస్తూనే ఉంటుంది. ఒక మార్కు ప్రశ్న. జవాబు రాసి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతాం. మేమూ చాలా ఏళ్ళు అలాగే వెళ్ళిపోయాం. పీజీలో చేరి కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టు చదువుతున్నప్పుడు, విమానం మాట ఆలస్యంగా వింటే పైలట్ ఏమవుతాడు అన్న పాఠం దగ్గర ఆయన పేరు మళ్ళీ ఎదురైంది. అప్పుడు తెలిసింది, ఆయన జీవితంలో చంద్రుడి మీద గడిపింది ఒక్కరోజు కంటే తక్కువేనని. అంతకు ముందూ, ఆ తర్వాతా చాలా ఏళ్ళు ఆయన ఆ పాఠంలోనే బతికారు. ఆ జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్ళతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ట్యాంకు, సైకిలు, విమానం

ముందుగా ఆలస్యం సంగతి చెప్పుకుందాం. మన హాస్టల్లో మోటారు కింద ఉంటుంది, నీళ్ళ ట్యాంకు మిద్దె మీద ఉంటుంది. ఒకడు పైన నిలబడి ట్యాంకు నిండిందని కేక వేస్తాడు. కిందివాడికి ఆ కేక వినపడి, స్విచ్చి దగ్గరకు పరుగెత్తి, మోటారు ఆపేసరికి నీళ్ళు పొర్లి గోడ వెంట కారుతుంటాయి. తప్పు పైవాడిది కాదు, కిందివాడిదీ కాదు. మధ్యలో ఉన్న ఆలస్యానిది.

సైకిలు కొత్తగా నేర్చుకునేవాణ్ణి చూడండి. సైకిలు కుడికి ఒరిగాక కాసేపటికి గానీ వాడికి తెలియదు. తెలిశాక కంగారుగా హ్యాండిల్ బాగా తిప్పుతాడు. సైకిలు ఎడమకు పడబోతుంది. మళ్ళీ ఇటు తిప్పుతాడు. ప్రతిసారీ ఊపు పెరుగుతుందే గానీ తగ్గదు. చివరికి కాలవ గట్టు దిగి పొలంలో పడతాడు. సైకిలు వచ్చినవాడు కూడా తిప్పుతూనే ఉంటాడు, కానీ చాలా కొద్దిగా, చాలా ముందుగా తిప్పుతాడు. అందుకే అది మన కంటికి కనపడదు.

విమానంలోనూ ఇదే జరుగుతుంది. ముక్కు కిందికి దిగిందని పైలట్ స్టిక్ వెనక్కి లాగుతాడు. కంటితో చూసి చెయ్యి కదపడానికి మనిషికే సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. దానిమీద యంత్రం ఆలస్యం కలుస్తుంది. లాగినా విమానం కదల్లేదనుకుని పైలట్ ఇంకా లాగుతాడు. మొదట లాగింది, తర్వాత లాగింది రెండూ కలిసి ఒక్కసారిగా పనిచేస్తాయి. ముక్కు మరీ పైకి లేస్తుంది. భయపడి కిందికి తోస్తాడు. అదీ ఆలస్యంగానే పనిచేస్తుంది. ఉయ్యాల వెనక్కి తిరిగే సమయానికి సరిగ్గా తోసినట్టు, పైలట్ చేసే ప్రతి దిద్దుబాటూ ఊగిసలాటను ఆపడానికి బదులు పెంచుతుంది. దీన్ని ఇంజనీర్లు పైలట్ ప్రేరిత ఊగిసలాట అంటారు. పేరులో పైలట్ ఉన్నాడు గానీ నేరం పైలట్‌ది ఒక్కడిదే కాదు, యంత్రం, మనిషి కలిసి చేసేది. ఈ సంగతి మనసులో పెట్టుకుని ఇప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ కథలోకి వెళదాం.

బాల్యం, చదువు

నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1930 ఆగస్టు 5న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో వాపకోనెటా అనే చిన్న ఊరి దగ్గర, తల్లి తరఫు తాతగారి వ్యవసాయ క్షేత్రంలో పుట్టారు. తండ్రి స్టీఫెన్ రాష్ట్ర ప్రభుత్వంలో ఆడిటర్. బదిలీల ఉద్యోగం కావడంతో కుటుంబం ఊరి నుంచి ఊరికి మారుతూ ఉండేది. తల్లి వయోలా. చెల్లెలు జూన్, తమ్ముడు డీన్. ముగ్గురిలో నీలే పెద్ద.

ఐదారేళ్ళ వయసులో తండ్రితో కలిసి మొదటిసారి విమానం ఎక్కారు. అప్పటి నుంచి విమానాల పిచ్చి పట్టుకుంది. పుల్లలతో, కాగితంతో బొమ్మ విమానాలు చేయడం, ఇంటి నేలమాళిగలో సొంతంగా గాలి సొరంగం కట్టి వాటిని పరీక్షించడం ఆయన ఆటలు. పదిహేనేళ్ళకు విమానం నడపడం నేర్చుకోవాలనుకున్నారు. పాఠానికి గంటకు 9 డాలర్లు. మందుల షాపులో పనిచేస్తే గంటకు వచ్చేది 40 సెంట్లు. అంటే ఒక గంట గాలిలో ఉండాలంటే ఇరవై రెండున్నర గంటలు షాపులో నిలబడాలి. అలాగే నిలబడ్డారు. 1946లో, పదహారో పుట్టినరోజు నాడు, విద్యార్థి పైలట్ లైసెన్సు తీసుకున్నారు. అప్పటికి ఆయనకు కారు లైసెన్సు లేదు.

1947లో ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీలో ఏరోనాటికల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఫీజు నౌకాదళం కట్టింది. దానికి బదులుగా మధ్యలో చదువు ఆపి సైనిక సేవ చేయాలి, తర్వాత వచ్చి మిగిలిన రెండేళ్ళు పూర్తి చేయాలి. వాళ్ళ కుటుంబంలో కాలేజీ మెట్లెక్కిన రెండో వ్యక్తి ఆయన. మనలో చాలామందిమి మన ఇళ్ళలో మొదటివాళ్ళం. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద చదవడమంటే ఏమిటో ఆయనకూ తెలుసు, మనకూ తెలుసు.

కొరియా ఆకాశంలో

1949లో నౌకాదళం పిలిచింది. 1950లో ఆయన పైలట్ అయ్యారు. కొరియా యుద్ధంలో ఎసెక్స్ అనే విమాన వాహక నౌక మీద నుంచి పాంథర్ జెట్ విమానంలో మొత్తం 78 సార్లు దాడులకు వెళ్ళారు. అప్పటికి వయసు ఇరవై ఒకటి.

1951 సెప్టెంబరు 3న తక్కువ ఎత్తులో వెళ్తుండగా, శత్రువులు లోయకు అడ్డంగా కట్టిన తీగ తగిలి కుడి రెక్క కొన తెగిపోయింది. విమానాన్ని పక్కకు ఒరగకుండా కాపాడే ఎయిలెరాన్ దెబ్బతింది. వేగంగా వెళ్తున్నంతసేపూ విమానం మాట వింటుంది. వేగం తగ్గిస్తే వినదు. దిగాలంటే వేగం తగ్గించక తప్పదు. కాబట్టి ఆ విమానంతో దిగడం కుదరదు. దాన్ని ఎలాగో పైకి తీసుకుపోయి, సొంత సేనల ఆధీనంలో ఉన్న ప్రాంతం మీదికి చేర్చి, పారాచూట్‌తో బయటికి దూకారు. తన చేతిలోని యంత్రం ఎంతవరకు మాట వింటుంది, ఎక్కడి నుంచి వినదు అన్న గీతను చూసుకోవడం ఆయనకు అక్కడే అలవాటైంది.

యుద్ధం నుంచి వచ్చి, చదువు పూర్తి చేసి, 1955లో డిగ్రీ పట్టా తీసుకున్నారు. అదే ఏడాది కాలిఫోర్నియా ఎడారిలోని ఎడ్వర్డ్స్ పరిశోధన కేంద్రంలో పరీక్షా పైలట్‌గా చేరారు. 1956 జనవరిలో జానెట్‌ను పెళ్ళి చేసుకున్నారు.

ఎక్స్-15: గాలి లేని చోట రెక్కలు

ఎడ్వర్డ్స్‌లో ఆయన నడిపిన వాటిలో ముఖ్యమైనది ఎక్స్-15 రాకెట్ విమానం. పెద్ద బాంబర్ విమానం రెక్క కింద దాన్ని వేలాడదీసి పైకి తీసుకుపోయి వదిలేస్తారు. రాకెట్ మండుతుంది. ధ్వనికి ఐదారు రెట్ల వేగం వస్తుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ 1960 నుంచి 1962 దాకా దాన్ని ఏడుసార్లు నడిపారు.

ఎక్స్-15తో ఒక చిక్కుంది. కింద గాలి దట్టంగా ఉంటుంది కాబట్టి రెక్కలు, తోక పనిచేస్తాయి. పైన గాలి దాదాపు ఉండదు. అక్కడ చిన్న చిన్న జెట్ల తోపుతోనే విమానాన్ని తిప్పాలి. స్టిక్ ఒకే దూరం కదిపినా ఒక ఎత్తులో విమానం గంతేస్తుంది, ఇంకో ఎత్తులో చలించదు. ఈ తేడాను పైలట్ బదులు యంత్రమే సర్దుకునేలా హనీవెల్ కంపెనీ ఎంహెచ్-96 అనే వ్యవస్థను తయారుచేసింది. విమానం ఎంత స్పందిస్తోందో చూసుకుంటూ తన బలాన్ని తానే పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోతుంది. దాని అభివృద్ధిలో ఇంజనీరుగా పాల్గొన్నది, 1961 డిసెంబరులో దాన్ని మొదటిసారి గాలిలో పరీక్షించినది కూడా ఆర్మ్‌స్ట్రాంగే.

1962 ఆయన ఇంట్లో చీకటి సంవత్సరం. జనవరి 28న, సరిగ్గా పెళ్ళిరోజు నాడు, మెదడులో కణితితో బాధపడుతున్న చిన్నారి కూతురు కారెన్ చనిపోయింది. ఆ పాపకు ఇంకా మూడేళ్ళు నిండలేదు. ఆయన దుఃఖాన్ని ఎవరితోనూ పంచుకునే మనిషి కాదు. కొద్దిరోజులకే మళ్ళీ విధుల్లో చేరారు.

ఏప్రిల్ 20న ఎక్స్-15లో 2 లక్షల 7 వేల అడుగుల ఎత్తుకు, అంటే సుమారు 63 కిలోమీటర్లు పైకి వెళ్ళారు. దిగేటప్పుడు కొత్త వ్యవస్థలోని ఒక భాగం పనితీరు చూడాలని ముక్కును పైకెత్తి పట్టుకున్నారు. నీటి మీద విసిరిన పెంకు ఎగిరినట్టు విమానం మళ్ళీ పల్చని గాలిలోకి లేచిపోయింది. దిగాల్సిన ఎడ్వర్డ్స్ కిందనుంచి వెనక్కి పోతోంది. ఆయన విమానాన్ని ఒరిగించారు. ఒరిగింది గానీ తిరగలేదు. తిప్పడానికి రెక్కల కింద గాలి ఉంటే గదా! మళ్ళీ గాలి దట్టమయ్యేదాకా ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు. ఎడ్వర్డ్స్ దాటి దక్షిణంగా అరవై కిలోమీటర్లకు పైగా వెళ్ళాక గానీ విమానం మలుపు తీసుకోలేదు. ఇంజను ఆగిపోయిన విమానాన్ని అంత దూరం నుంచి వెనక్కి జారించుకుంటూ వచ్చి, ఎండిన చెరువు చివరి అంచున దించారు. పన్నెండు నిమిషాలకు పైగా సాగిన ఆ ప్రయాణం ఎక్స్-15 చరిత్రలోనే దీర్ఘమైనది. అందులో ఆయన పొరపాటు ఉంది. దాన్నుంచి బయటపడింది కూడా ఆయన ఓపికతోనే.

ఆ వ్యవస్థ కథ అక్కడితో ముగియలేదు. 1967 నవంబరు 15న అదే ఎక్స్-15 మూడో నంబరు విమానంలో మైఖేల్ ఆడమ్స్ అనే పైలట్ వెళ్ళారు. అప్పటికి ఆర్మ్‌స్ట్రాంగ్ ఎడ్వర్డ్స్ విడిచి అయిదేళ్ళు దాటింది. పైన విమానం దారి తప్పి గింగిరాలు తిరిగింది. గింగిరాల నుంచి తేరుకున్నాక, కిందికి దూసుకువస్తున్నప్పుడు ఎంహెచ్-96 తన బలాన్ని తగ్గించుకోవాల్సిన చోట తగ్గించుకోలేదు. ముక్కు పైకీ కిందికీ ఊగుతూ విమానం గాలిలోనే ముక్కలైంది. ఆడమ్స్ చనిపోయారు. ఆలస్యంగా దిద్దుకునే తప్పు మనిషి ఒక్కడే చేయడు, యంత్రం కూడా చేస్తుందని ఆ ప్రమాదం చెప్పింది.

జెమిని 8: సెకనుకు ఒక చుట్టు

1962 సెప్టెంబరులో నాసా ఎంపిక చేసిన రెండో జట్టు వ్యోమగాములలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకరు. 1966 మార్చి 16న డేవిడ్ స్కాట్‌తో కలిసి జెమిని 8లో అంతరిక్షానికి వెళ్ళారు. ముందే పంపిన అజీనా అనే వాహనాన్ని కక్ష్యలో కలుసుకుని, దానితో తమ నౌకను జత చేశారు. అంతరిక్షంలో రెండు నౌకలను ఇలా జత చేయడం చరిత్రలో అదే మొదలు.

అరగంట కూడా గడవకముందే జంట నౌకలు తిరగడం మొదలైంది. ఆపితే ఆగినట్టే ఆగి మళ్ళీ తిరుగుతున్నాయి. లోపం అజీనాలో ఉందేమోనని దాన్ని విడదీశారు. భారం తగ్గేసరికి జెమిని ఇంకా వేగంగా తిరిగింది. చివరికి సుమారు సెకనుకు ఒక చుట్టు. తల తిరుగుతుంది, కళ్ళు మసకబారుతాయి. మరికొంచెం సేపైతే ఇద్దరూ స్పృహ తప్పేవారు. అసలు లోపం జెమినిలోనే ఉంది. ఒక థ్రస్టర్ తెరుచుకుని మూసుకోవడం లేదు.

ఆ సమయంలో భూమి మీది కేంద్రాలతో మాట కలవడం లేదు. ఒక నౌక పరిధిలోకి వచ్చాక గానీ సంగతి కిందికి చేరలేదు. అడిగి చేసే వ్యవధి లేదు. పనిచేయని స్టిక్‌తోనే పోరాడుతూ కూర్చుంటే ప్రాణం పోతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ థ్రస్టర్ల వ్యవస్థను మొత్తంగా ఆపేశారు. భూమికి తిరిగి వచ్చేటప్పుడు మాత్రమే వాడాల్సిన వేరే థ్రస్టర్లను తెరిచి, వాటితో కొంచెం కొంచెంగా తిరుగుడును ఆపారు. ఆ ఇంధనంలో దాదాపు ముప్పావు వంతు ఖర్చయింది. దాన్ని ఒకసారి ముట్టుకుంటే వెంటనే దిగాలన్నది నియమం. మూడు రోజులు సాగాల్సిన యాత్ర పదకొండు గంటల్లోపే పసిఫిక్ సముద్రంలో ముగిసింది. స్కాట్ అంతరిక్ష నడక చేయకుండానే తిరిగి వచ్చారు. పని సగంలో ఆగింది. మనుషులు మిగిలారు.

ఎగిరే మంచం

చంద్రుడి మీద దిగడం విమానం దించడం లాంటిది కాదు. అక్కడ గాలి లేదు, రెక్కలకు పని లేదు. గురుత్వాకర్షణ మన భూమి మీది దానిలో ఆరో వంతు. కాబట్టి నౌకను నిలబెట్టే ఇంజను తోపు కూడా ఆరో వంతే ఉంటుంది. పక్కకు జరగాలంటే నౌకను ఒరిగించి ఆ తోపునే పక్కకు మళ్ళించాలి. తోపు తక్కువ కాబట్టి ఇక్కడి కంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువ ఒరిగించాలి. స్టిక్ కదిపితే ముందు నౌక ఒరుగుతుంది, తర్వాత వేగం మెల్లగా పుడుతుంది, ఆ తర్వాత గానీ చోటు మారదు. ఆపాలంటే మళ్ళీ అటువైపు ఒరిగించి అంతసేపూ ఓర్చుకోవాలి. ఆలస్యం ఇక్కడ తీగలలో లేదు, ప్రకృతిలోనే ఉంది. భూమి మీద అలవాటైన చెయ్యి అక్కడ దాదాపు ఖాయంగా తప్పు చేస్తుంది.

అందుకని నాసా ఒక వింత వాహనం తయారుచేసింది. గొట్టాలతో చేసిన చట్రం, మధ్యలో నిలువుగా జెట్ ఇంజను. ఆ ఇంజను వాహనం బరువులో ఆరింట ఐదు వంతులు మోస్తుంది. మిగిలిన ఒక వంతును పైలట్ చిన్న రాకెట్లతో మోయాలి. చూడటానికి నాలుగు కాళ్ళ మంచం ఎగిరినట్టు ఉండేది. 1968 మే 6న ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని నడుపుతుండగా, ఒరగకుండా పట్టే రాకెట్లకు ఒత్తిడి అందలేదు. స్టిక్ తిప్పినా వాహనం వినడం లేదు, పక్కకు పడిపోతోంది. నేల సుమారు 200 అడుగుల దూరం. ఆయన సీటుతో సహా బయటికి ఎగిరి పారాచూట్‌తో దిగారు. వాహనం కిందపడి మండిపోయింది. ఆయనకు నాలుక కరుచుకోవడం తప్ప దెబ్బలేమీ తగల్లేదు. ఆరోజే ఆఫీసుకు వెళ్ళి తన పని చూసుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పోరాడితే తిరిగి వచ్చే యంత్రం వేరు, ఎంత పోరాడినా రాని యంత్రం వేరు. జెమినిలో దారి ఉంది, ఆయన వెతికారు. ఇక్కడ దారి లేదు, వదిలేశారు. ఆ వాహనం ప్రమాదకరం, శిక్షణ ఆపేద్దామని కొందరు అధికారులు అన్నా, ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రం దానితో సాధన కావాల్సిందేనన్నారు. 1969 జూన్‌లో, యాత్రకు నెల ముందు, అదే తరహా వాహనాన్ని మళ్ళీ నడిపారు.

చంద్రుడి మీద

1969 జూలై 16న అపోలో 11 బయలుదేరింది. జూలై 20న ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ ఈగిల్ అనే నౌకలో చంద్రుడి వైపు దిగారు. మైఖేల్ కాలిన్స్ పైన కక్ష్యలో ఉన్నారు.

చంద్రుడి నుంచి రేడియో సంకేతం భూమికి రావడానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది. తిరిగి వెళ్ళడానికి మరో 1.3 సెకన్లు. కింద కూర్చున్నవాళ్ళు చూసేది జరిగిపోయినదాన్నే. వాళ్ళు స్టిక్ కదిపితే అందేది మరికొంత ఆలస్యంగా. రెండున్నర సెకన్ల ఆలస్యంతో రాళ్ళ మధ్య నౌకను దించడం ఎవరివల్లా కాదు. అక్కడ ఉన్నవాడే నడపాలి.

దిగుతుండగా కంప్యూటర్ హెచ్చరికలు మోగాయి. చేయాల్సిన పనులు ఎక్కువై కంప్యూటర్‌కు ఊపిరాడటం లేదు. అయితే ముఖ్యమైన పనులను పట్టుకుని, మిగతావి పక్కన పెట్టేలా దాని ప్రోగ్రాం రాశారు. హ్యూస్టన్ నుంచి కొనసాగించమని అనుమతి వచ్చింది. అంతలో ఆర్మ్‌స్ట్రాంగ్ కిటికీలోంచి చూస్తే, కంప్యూటర్ తీసుకుపోతున్న చోట పెద్ద గొయ్యి, దాని చుట్టూ కారంత రాళ్ళు ఉన్నాయి. ఆయన స్టిక్ చేతిలోకి తీసుకున్నారు.

తీసుకున్నారంటే కంప్యూటర్‌ను ఆపేశారని కాదు. ఆయన స్టిక్ కదిపితే అది నేరుగా థ్రస్టర్లకు పోదు, కంప్యూటర్‌కు పోతుంది. కంప్యూటర్ సెకనుకు పదిసార్లు లెక్క చూసుకుని నౌకను ఆయన కోరిన కోణంలో నిలబెడుతుంది. మనిషి దారి చూస్తాడు, యంత్రం నౌకను పట్టుకుంటుంది. నౌకను దాదాపు నిటారుగా నిలిపి, దిగే వేగం తగ్గించి, ముందుకు పోయే వేగం ఉంచుకుని గోతిని దాటారు. ఇంధనం అయిపోతోందని కింద నుంచి సెకన్లు లెక్కపెడుతున్నారు. గుండె నిమిషానికి 150 సార్లు కొట్టుకుంటోంది. లోపల గుండె అంత వేగంగా కొట్టుకుంటున్నా, చెయ్యి మాత్రం ఎగిరే మంచం నేర్పిన పద్ధతిలోనే కదిలింది. కొద్ది సెకన్ల ఇంధనం మిగిలి ఉండగా నౌక దిగింది. తర్వాత ఆయన మెట్లు దిగి చంద్రుడి నేల మీద అడుగు పెట్టడం, అప్పుడు అన్న మాట లోకమంతా ఎరిగినవే. ఆ మాట ఇక్కడ మళ్ళీ రాయడం లేదు.

పేరు వచ్చాక చేసిన పని

చంద్రుడి నుంచి వచ్చాక ఆయన కావాలనుకుంటే ఊరూరా దండలు వేయించుకుంటూ జీవితం గడిపేయవచ్చు. 1970లో నాసాలో ఏరోనాటిక్స్ విభాగంలో ఒక కుర్చీ పని తీసుకున్నారు. ఎడ్వర్డ్స్ నుంచి కొందరు ఇంజనీర్లు ఆయన దగ్గరకు ఒక ప్రతిపాదన తెచ్చారు. అప్పటిదాకా విమానంలో స్టిక్ నుంచి రెక్కల దాకా కడ్డీలు, ఇనుప తీగలు ఉండేవి. వాటిని తీసేసి విద్యుత్ సంకేతాలతో నడిపితే ఎలా ఉంటుందన్నది వాళ్ళ ఆలోచన. దీన్నే ఫ్లై బై వైర్ అంటారు. డిజిటల్ కంప్యూటర్ ఎందుకు వాడకూడదని ఆర్మ్‌స్ట్రాంగ్ అడిగారు. అలాంటి కంప్యూటర్ ఎక్కడుందని వాళ్ళకు సందేహం వచ్చింది. తాను చంద్రుడి మీదికి వెళ్ళి వచ్చింది దాంతోనేనని ఆయన గుర్తుచేశారు. అలా అపోలో కంప్యూటర్‌నే ఎఫ్-8 అనే యుద్ధ విమానంలో పెట్టారు. 1972 మే 25న అది ఎగిరింది.

కంప్యూటర్ చేరితే మేలుతో పాటు కొత్త ఆలస్యం కూడా వస్తుంది. సంకేతం చదవాలి, లెక్క వేయాలి, ఆజ్ఞ పంపాలి. 1977 అక్టోబరు 26న ఎంటర్‌ప్రైజ్ అనే స్పేస్ షటిల్‌ను ఫ్రెడ్ హైస్, గోర్డన్ ఫుల్లర్టన్ ఎడ్వర్డ్స్ రన్‌వే మీద దించుతున్నారు. బ్రిటన్ యువరాజు చార్లెస్ చూడటానికి వచ్చి ఉన్నారు. నేల దగ్గరయ్యాక షటిల్ ముక్కు పైకీ కిందికీ, రెక్కలు అటూ ఇటూ ఊగాయి. చక్రాలు నేలను తాకి షటిల్ మళ్ళీ గాలిలోకి లేచింది. హైస్ అనుభవం లేని పైలట్ కాదు. అపోలో 13లో వెళ్ళి వచ్చినవాడు. షటిల్ స్వభావమే అలాంటిది. ముక్కు ఎత్తాలని స్టిక్ లాగితే వెనుక రెక్కల అంచులు పైకి లేస్తాయి. దాంతో షటిల్ ముందు కాస్త దిగి, తర్వాత పైకి లేస్తుంది. దానికి కంప్యూటర్ ఆలస్యం తోడైంది. స్టిక్ మీద పట్టు సడలించాక ఊగిసలాట తగ్గింది, షటిల్ క్షేమంగా దిగింది.

అంతరిక్షం నుంచి ఇంజను లేకుండా దిగే షటిల్‌కు రెండో అవకాశం ఉండదు. అందుకే ఈ లోపాన్ని తేల్చాల్సి వచ్చింది. తేల్చడానికి పనికొచ్చింది ఆర్మ్‌స్ట్రాంగ్ మాటతో పుట్టిన ఆ ఎఫ్-8 విమానమే. అప్పటికి అందులో షటిల్‌లో వాడే రకం కంప్యూటర్లే ఉన్నాయి. 1978లో వాటిలో కావాలనే ఆలస్యం కలిపి పైలట్ల చేత దించి చూశారు. 20 మిల్లీసెకన్ల నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం పెంచుతూ పోయారు. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. 100 మిల్లీసెకన్లు కలిపిన ఒక ప్రయత్నంలో ఆరితేరిన పైలట్ చేతిలోనే విమానం రన్‌వే మీద భయంకరంగా ఊగింది. ఆలస్యం తీసేశాకే అదుపులోకి వచ్చింది. కంటిరెప్ప వేసినంత సేపు కూడా లేని ఆలస్యం ఒక మంచి విమానాన్ని చెడగొడుతుందని లెక్కలతో సహా రుజువైంది.

ఆ పరిశోధనల ఫలితంగా షటిల్‌లో ఒక ఏర్పాటు చేశారు. పైలట్ చెయ్యి గబగబా అటూ ఇటూ పోతుంటే కంప్యూటర్ అది గమనించి స్టిక్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. అంటే కంగారుపడే చేతిని యంత్రం మెల్లగా పట్టుకుంటుంది. 1981 ఏప్రిల్‌లో కొలంబియా అంతరిక్షానికి వెళ్ళి క్షేమంగా దిగింది. ఈనాడు పెద్ద ప్రయాణికుల విమానాలు చాలావరకు, మన దేశపు తేజస్ యుద్ధ విమానం కూడా డిజిటల్ ఫ్లై బై వైర్‌తోనే ఎగురుతున్నాయి.

1971లో ఆర్మ్‌స్ట్రాంగ్ నాసా వదిలి సిన్సినాటి యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరి 1979 దాకా పాఠాలు చెప్పారు. 1986లో చాలెంజర్ షటిల్ పేలిపోయినప్పుడు విచారణ సంఘానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 2012 ఆగస్టు 25న, గుండె ఆపరేషన్ తర్వాత వచ్చిన ఇబ్బందులతో 82 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన అస్థికలను అట్లాంటిక్ సముద్రంలో కలిపారు. మన హాస్టల్లో ఇప్పుడున్న చిన్న తరగతుల తమ్ముళ్ళు అప్పటికింకా పుట్టి ఉండరు.

చివరిగా తమ్ముళ్ళకు

మా బ్యాచ్‌లో ఒక మిత్రుడు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఒక సబ్జెక్టు తప్పాడు. ఫలితాలు వచ్చిన మర్నాడే పెట్టె సర్దుకుని ఊరికి వెళ్ళిపోయాడు. సప్లిమెంటరీ పరీక్ష రాసుకోవచ్చని వాడికి తెలుసు, మాకూ తెలుసు. వాడే తిరిగి వస్తాడులే అనుకున్నాం. నెల తర్వాత మేము వాళ్ళ ఊరు వెళ్ళేసరికి వాడు పనికి కుదిరిపోయాడు, పరీక్ష ఫీజు గడువూ దాటిపోయింది. వాడు తొందరపడ్డాడు, మేము ఆలస్యం చేశాం. రెండూ కలిసి ఒక చదువు ఆగిపోయింది. ఈ వ్యాసం రాస్తున్నంతసేపూ వాడే గుర్తుకొచ్చాడు.

చదువు కూడా ఆలస్యంగా స్పందించే యంత్రమే. ఈరోజు చదివింది ఈరోజు మార్కుల్లో కనపడదు. కనపడలేదు గదా అని పుస్తకం మార్చి, గ్రూపు మార్చి, చివరికి ఊరికే వెళ్ళిపోతే, మొదట చేసిన కష్టం ఫలించే సమయానికి మనం అక్కడ ఉండం. ఆర్మ్‌స్ట్రాంగ్ చెయ్యి గొప్పదనం వేగంలో లేదు. తిప్పింది పనిచేయడానికి ఎంతసేపు పడుతుందో ముందే తెలుసుకుని, అంతసేపు ఆగి చూసి, మళ్ళీ తిప్పడంలో ఉంది. ఆగితే ప్రాణం పోయే చోట మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో తెలియడానికి ఆయన ఏళ్ళ తరబడి సాధన చేశారు.

కాబట్టి తమ్ముళ్ళారా, ఫలితం తారుమారైన రోజున పెట్టె సర్దకండి. పక్క మంచం వాడు సర్దుతుంటే, తిరిగి వస్తాడులే అని మాలాగా నెల రోజులు ఊరుకోకండి. ఆ సాయంత్రమే వెళ్ళి వాడి పక్కన కూర్చోండి.